దసరా నాడు గేటు దగ్గర సార్

మంగళవారం ఉదయం గోడౌన్‌లో సరుకు దించుతుండగా సార్ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాన్న పోయిండు. నిద్రలోనే," అంది. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ షిఫ్టు అయ్యేదాకా పని చేస్తూనే ఉన్నాను. అలా ఎందుకు చేశానో నాకే తెలియదు.

సార్ ఆదిలాబాద్ వైపు ప్రభుత్వ బడుల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు. భార్య పోయాక, ఐర్లండ్‌లోని నేవన్‌లో ఉంటూ నర్సు ఉద్యోగం చేసే కూతురి దగ్గరికి వచ్చారు. వాళ్ల పక్కింట్లో ఒక గది అద్దెకు తీసుకుని నేనుంటాను. పదో తరగతి దాటనివాణ్ని. ఆ తరవాతి చదువంతా దొరికిన పుస్తకాలతో సొంతంగా చదువుకున్నదే. నలుగురిలో మాట్లాడడం నాకు రాదు.

మెట్టు మీద కూర్చుని ఆ రోజు లెక్క రాసుకుంటుంటే ఆయన మొదటిసారి పలకరించారు. పాలు, బ్రెడ్డు, బస్సు. వంగి చూసి, రోజూ రాస్తావా అని అడిగారు. రాస్తానన్నాను. "పేష్వాల గుమస్తాలు గూడ ఇట్లనే రాసిండ్రు. ఏ గుర్రానికెంత శనగ, ఏ కోటకెంత నూనె. వాళ్లు రాయకపోతే నాకు పాఠమే ఉండకపోతుండె. ఆదివారం ఇంటికి రా," అన్నారు.

రెండేళ్లు దాదాపు ప్రతి ఆదివారం వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. టీ కప్పులు బోర్లిస్తే సహ్యాద్రి కొండకోటలు. రెండు తువ్వాళ్ల మధ్య సందు కనుమ. మిరియాలు గుర్రాలు. పొట్టి గుర్రాలు, తక్కువ సామాను, దారి తెలిసిన రౌతులు. పెద్ద సైన్యం కనుమలోకి దిగేదాకా ఓపిక పట్టి, దిగాక వెనక దారి మూసేయడం. మరాఠాలు పైకొచ్చిన తీరు ఆ బల్ల మీదే నాకు అర్థమైంది. ఇంతలో మనవరాలు వచ్చి "తాతా, మమ్ నీడ్స్ ద కప్స్" అని కోటలన్నిటినీ ప్రెస్‌లో సర్దేసేది. ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు. "మొఘలులు ఇరవై ఏండ్లు తిరిగినా పూర్తిగా దక్కలే. దీనికి రెండు నిమిషాలు," అనేవారు సార్.

తనవాళ్లని ఊరికే పొగిడేవారు కాదు. బెంగాల్లో తల్లులు మరాఠా రౌతులొస్తున్నారని భయపెట్టి పిల్లల్ని నిద్రపుచ్చేవారని ఆయనే చెప్పారు. గెలిచింది చెప్పి దోచింది దాస్తే అది చరిత్ర కాదు, పెళ్లిచూపుల ముచ్చట అనేవారు.

ఇక్కడి మాటల్లో ఆయనకు నచ్చింది "గ్రాండ్". బాగానే ఉన్నానని దానికి అర్థం. ఆయాసంతో డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఎలా ఉన్నారంటే గ్రాండ్ అనే చెప్పేవారట. పానిపట్టు యుద్ధం తెల్లారి అడిగినా ఈ దేశపోళ్లు గ్రాండే అంటారని నవ్వేవారు.

వానలు వెలిశాక దసరా నాడు మరాఠా దండు పొలిమేర దాటి బయల్దేరేది. సార్‌కు ఇక్కడ పొలిమేర మా కాలనీ గేటు. జమ్మి దొరకదు కాబట్టి కంచె మొక్క ఆకులు జేబులో వేసుకుని, గేటు దాటి, మనవాళ్లు కలుసుకునే హాలుకు నడిచి వెళ్లి అందరి చేతుల్లో పెట్టేవారు. పోయిన దసరాకు నన్నూ రమ్మన్నారు. డ్యూటీ ఉంది సార్ అన్నాను. లేదు. అంతమందిలోకి వెళ్లలేక అన్న మాట అది. "తొందరగ అయితే రా. గేటు కాడ ఉంట," అన్నారు.

ఆ మధ్యాహ్నం కర్టెన్ పక్కనుంచి చూశాను. కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. చినుకులు పడుతున్నాయి. నలభై నిమిషాలు చూసి ఒక్కరే వెళ్లారు.

మరుసటి ఆదివారం పాఠం పానిపట్టు. కుటుంబాలను, యాత్రికులను వెంటేసుకుని వెళ్లిన సైన్యం రెండు నెలలు తిండికి మాడి, చివరికి యుద్ధానికి దిగింది. నడిమధ్యలో ఒక సర్దారు గుర్రాలు తిప్పుకుని వెళ్లిపోయాడు. ద్రోహం కదా సార్ అన్నాను. ఆయన కాసేపు మిరియాలు సర్దారు.

"చానమంది అట్లనే రాసిండ్రు. పోయినోనికి గూడ ఏదో కారణం ఉంటది. అది కాగితాలల్ల దొరకది."

ఆ మాట సర్దారు గురించేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. పానిపట్టుతో మరాఠాల పని అయిపోలేదని, పదేళ్లకే మళ్లీ ఢిల్లీ చేరారని ఆ రోజే చెప్పారు. "అయిపోయింది ఎప్పుడంటే, ఒక్కో సర్దారు ఒక్కడే పోయి ఇంగ్లీషోళ్ల కంపెనీ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు. పక్కోన్ని అడగలే. పక్కోడు గూడ పిలవలే."

దసరా నాడు నేను ఇంట్లోనే ఉన్నానని ఆయనకు చెప్పాలి. పాఠం అయ్యాక చెబుదామని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ని. పాఠం అయ్యేది. టీ తాగేవాళ్లం. లేచి వచ్చేసేవాణ్ని.

శుక్రవారం సార్ పెట్టె ఉంచిన ఫ్యూనరల్ హోమ్‌లో చివరి వరసలో కూర్చున్నాను. సార్ కూతురు నా దగ్గరికి వచ్చింది. "అన్నా, తెలుగుల రెండు ముక్కలు చెప్పు. నాన్న నీతోనే ఎక్కువ మాట్లాడిండు," అంది. ముందుకు వెళ్లాను. పెట్టె వైపు తిరిగి, "దసరా నాడు నాకు డ్యూటీ లేదు సార్. ఇంట్లనే ఉన్న," అన్నాను. మనవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె తల వంచుకుంది.

వెనక్కి వెళ్లబోయేలోపే కాలనీలోని ఐరిష్‌వాళ్లు వరసగా ముందుకు రావడం మొదలుపెట్టారు. ఇక్కడి పద్ధతి అది, పోయినవారి ఇంటివాళ్లకు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపి ఒక మాట చెబుతారు. కూతురికి, మనవరాలికి చెప్పాక, పక్కనే నిలబడి ఉన్నందుకు నా చెయ్యీ పట్టుకున్నారు. "సారీ ఫర్ యువర్ ట్రబుల్." ఇక్కడ దుఃఖాన్ని ట్రబుల్ అంటారు. నేను ఆయనకు ఏమీ కానని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వరస తలుపు దాటి బయట వానలోకి ఉంది. ఒక్కో చెయ్యీ తడిగా, చల్లగా వచ్చి నా చేతిలో పడుతోంది.