బస్సు కథ బస్సులోనే

ఆమె ఒకేసారి మూడు కథల సంపుటాలు రాస్తుంది. ఒకటి పూర్తిచేసి ఇంకొకటి పట్టుకోరాదా అని అడిగినవాళ్లకు, ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద నీళ్లు కాగడం లేదా అని నవ్వేస్తుంది. ఉద్యోగం కళ్లజోళ్ల దుకాణంలో. భర్త బడిలో డ్రాయింగు మాస్టారు. కూతురు ఇంకా పాలపళ్లు రాల్చుకుంటున్న వయసు.

మూడు సంపుటాలకీ మూడు చోట్లు. పిల్లల కథలు వంటింటి గట్టు మీద పుడతాయి. కళ్లజోళ్ల కథలు మధ్యాహ్నం బేరాలు లేనివేళ దుకాణంలో, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ పక్కన పుడతాయి. బస్సు కథలు మాత్రం బస్సులోనే, కిటికీ పక్క సీట్లో, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుంటేనే వస్తాయి. ఈ నియమం ఆమె పెట్టుకున్నది కాదు. కథలే అలా పట్టుబట్టి కూర్చున్నాయి.

ఇలా ఉండగా దుకాణం యజమాని ఆమె ఇంటికి రెండు వీధుల అవతల కొత్త దుకాణం తెరిచాడు. మెత్తని మనిషి. రోజూ బస్సులో నలిగిపోతోందని జాలిపడి, ఇకనుంచి అక్కడికే నడిచి వచ్చేయమన్నాడు. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. అంత మంచి మాటకు ఇంకేం చేస్తుంది?

ఆ వారమే ప్రచురణకర్త ఫోను చేశాడు. బస్సు కథలు చదివానన్నాడు, కళ్లు చెమర్చాయన్నాడు.

"ఆ ఆఖరి కథ ఒక్కటీ సోమవారానికి పంపారంటే పుస్తకం వేసేద్దామమ్మా. తప్పిందంటే మళ్లీ వచ్చే ఏడే. అప్పటికి నా దగ్గర కాగితం ఉంటుందో లేదో చెప్పలేను."

పంపుతానంది. ఫోను పెట్టేసి కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఇన్నేళ్ల రాతకు మొదటి పుస్తకం! దేవుడి పటం ముందు నిలబడి కళ్లు మూసుకున్నాక గాని గుర్తు రాలేదు, తను బస్సెక్కడం మానేసిందని.

ఆ ఆఖరి కథలో ఒక పెద్దాయన ఉన్నాడు. రోజూ ఒడిలో చెక్కపెట్టె పెట్టుకుని ప్రయాణం చేస్తాడు. రెండు చేతులా దాన్ని పట్టుకుంటాడు, ఎవర్నీ తాకనివ్వడు. పెట్టెలో ఏముందో ఆమెకూ తెలియదు. కథ అక్కడే ఆగిపోయింది.

వంటింట్లో కూర్చుని రాయబోతే మూడో వాక్యానికే పెట్టెలోంచి ఉడత బయటికొచ్చి, నన్ను బడిలో చేర్పించమంది. దుకాణంలో ప్రయత్నిస్తే పెద్దాయన నేరుగా కౌంటరు దగ్గరకొచ్చి, అక్షరాలు మసకేస్తున్నాయి, మంచి ఫ్రేము చూపించమన్నాడు. ఉడతను పిల్లల కథల్లోకీ మసక చూపును కళ్లజోళ్ల కథల్లోకీ పంపేసింది. ఆ రెండు సంపుటాలూ ఇట్టే పెరిగాయి. బస్సు కథ మాత్రం ససేమిరా కదల్లేదు.

శనివారం సాయంత్రం ఆమె దిగాలుగా కుర్చీలో కూలబడితే, మాస్టారు వెనకనించి కుర్చీని కుదపడం మొదలుపెట్టాడు. కూతురు నోటితోనే హారను మోగించింది.

"వస్తోందా?" అన్నాడాయన వగరుస్తూ.

"తల తిరుగుతోందండీ."

"అయితే సగం బస్సు వచ్చినట్టే. మిగతా సగం రేపు నువ్వే వెళ్లి తెచ్చుకో. ఇల్లు మేం చూసుకుంటాం."

ఆదివారం పొద్దున్నే, ఎక్కడా ఏ పనీ లేకుండా, ఆమె బస్సెక్కింది. గుండె పండక్కి కొత్తబట్టలు కట్టిన పిల్లలా గంతులేస్తోంది. తీరా చూస్తే తన కిటికీ సీట్లో ఒక భారీ పెద్దావిడ, పక్క సీటు కూడా ఆక్రమించి స్థిరపడి ఉంది. బస్సంతా కిటకిట. ఆమె ఆ పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది.

తెలిసిన కండక్టరు పలకరించి ఎక్కడికని అడిగాడు. చివరిదాకా టికెట్టు ఇవ్వమంది, ఎక్కడ దిగేదీ తనకే తెలియదంది. అతని మొహం వాడిపోయింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఇంట్లో ఏమన్నా మాటా మాటా వచ్చిందా అక్కా? నేను వచ్చి బావగారితో మాట్లాడనా?"

నవ్వు ఆపుకోలేక అసలు సంగతి చెప్పేసింది. అతను వెళ్లి డ్రైవరు చెవిలో వేశాడు. ఇంజను మోతలో చెవిలో వేయడమంటే అరవడమే కాబట్టి బస్సంతటికీ తెలిసింది. ఇక తలా ఒక మాట. పెట్టెలో బంగారమని ఒకరు, పాత ఉత్తరాలని ఒకరు. భార్య వాయించిన తాళాలని ఒక ముసలాయన. అన్నీ బాగానే ఉన్నాయి, ఏదీ అతకలేదు.

బస్సు మలుపు తిరిగింది. ఆమె తూలింది. భుజాన సంచి ఊగి పెద్దావిడ చెంపకు తగిలింది. ఆవిడ విసుక్కోలేదు. చెయ్యి చాచి సంచిని లాక్కుని ఒళ్లో పెట్టుకుని, దాని చుట్టూ చేతులు వేసి, మళ్లీ కిటికీలోంచి చూడసాగింది. అందులో ఏముందని అడగలేదు. ఎవరిదని కూడా అడగలేదు.

ఎప్పుడూ కూర్చునే వెళ్లే ఆమె ఎందరి సంచులో అలా ఒళ్లో పెట్టుకుంది. తన సంచిని ఇంకొకరి ఒడిలో చూడడం ఇదే మొదలు. భుజం ఎంత తేలికైందో! అప్పుడు తట్టింది. తనూ ఈ బస్సూ అంతా పెట్టెలోకే తొంగిచూశారు. పక్కనున్నవాళ్ల ఒడి వంక ఎవరూ చూడలేదు.

"అమ్మా, ఆ సంచి ఒక్కసారి ఇస్తారా?"

"ఉండనీవే అమ్మాయ్, నాకేం బరువు?"

"బరువని కాదమ్మా. నా కాగితాలు అందులో ఉన్నాయి. కథ దొరికింది."

పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసి, ఒళ్లు కూడగట్టుకుని కిటికీకేసి జరిగింది. "సగం చాలా?" అంది. చాలంటూ ఆమె ఆ అంచున కూర్చుంది. కాగితాలూ కలమూ తీసిచ్చి, ఖాళీ సంచిని మాత్రం ఆవిడ ఒళ్లోనే ఉంచుకుంది.

కలం పరుగెత్తింది. ఒకరోజు పెద్దాయనకు కునుకొస్తుంది. పక్కనున్న మనిషి అడక్కుండానే చేతులు చాస్తాడు. ఇన్నాళ్లుగా ఎవరికీ ఇవ్వనిది...

చివరి స్టాపులో అందరూ దిగుతున్నారు. సంచి అప్పగిస్తూ పెద్దావిడ, ఇంతకీ పెట్టెలో ఏముందని అడిగింది. తెలీదంది ఆమె.

"ఆయనకి తెలుసు కదా, చాల్లే," అని తల నిమిరి దిగిపోయింది.

డ్రైవరు ఇంజను ఆపాడు. ఆపగానే కలం కూడా ఆగింది. ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. ఆమె బిక్కమొహం వేసి ముందుకు చూసింది. టీకి దిగబోతున్న డ్రైవరు అద్దంలో ఆ మొహం చూశాడు. వెనక్కొచ్చి కూర్చుని తాళం తిప్పాడు. సీట్లు సన్నగా వణికాయి. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కండక్టరు టీలు బస్సులోకే తెచ్చి, ఆమె గ్లాసు చల్లారకుండా పైన అట్టముక్క కప్పాడు.

ఆఖరి వాక్యం పడింది. ఆమె కలం మూత పెట్టి, కాగితాలు గుండెకు హత్తుకుని లేచి నిలబడింది. రేపు పొద్దున్నే పంపేస్తుంది.

"అయిపోయిందా అక్కా? మాకు వినిపించకుండా పంపిస్తారా ఏంటి?"

ఆమె గొంతు సవరించుకుంది. మొదటి వాక్యం ఆ మోతలో కొట్టుకుపోయింది. డ్రైవరు ఇంజను ఆపేసి, స్టీరింగు మీద మోచేతులు ఆనించి, వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు మొదట్నించీ చదవండి," అన్నాడు.