కాత్రిన్‌తో మ్యూనిక్ దాకా

"కొత్తింట్ల పాలు పొంగిస్తున్నం, ఇద్దరూ రావాలె. ఒక్కదానివే వస్తే తలుపు తియ్య" అని వదిన ఫోన్ చేయడంతో మా ప్రయాణం ఖాయమైంది.

నేను హాంబర్గ్‌లో ఒక సైనిక ఆసుపత్రిలో నర్సును. జర్మన్ సైన్యంలో సార్జెంటును కూడా. వార్డులో అందరికీ కాత్రిన్ తెలుసు. కట్టు మార్చేటప్పుడు సైనికులెవరైనా "మీ ఆయన ఏం చేస్తాడు?" అంటే, "ఆయన కాదు, ఆమె. రేవులో క్రేన్ నడుపుతుంది" అంటాను. వెంటనే క్రేన్ గురించి అడుగుతారు. అన్నయ్య మాత్రం మూడేళ్ళుగా ఆ పేరే ఎత్తలేదు, పెళ్ళి చేసుకుంటున్నామని చెప్పిన రోజు కూడా.

శనివారం ఉదయం ఏడింటికి రైలు. యూనిఫాంలో ఉన్న సైనికులకు ప్రయాణం ఉచితం కాబట్టి నేను యూనిఫాంలోనే ఎక్కాను. కాత్రిన్ టికెట్టు నెల ముందే కొన్నాం కాబట్టి చవకగా వచ్చింది. వారాంతంలో వెళ్ళేవారు సీటు రిజర్వు చేసుకోవడం మరవద్దు. హనోవర్ దాటాక ఎండ వచ్చింది. పులిహోర తిన్నాం. కాత్రిన్ నా చేయి పట్టుకుని నిద్రపోయింది.

ఎదుటి సీటు పెద్దాయన చాలాసేపు మా చేతులకేసి చూశాడు.

"నేనూ సైన్యంలో చేశాను. మా కాలంలో ఇది తెలిస్తే ఇక ప్రమోషన్ ఉండేది కాదు. నా స్నేహితుడు అందుకే ఉద్యోగం వదిలేశాడు" అన్నాడు.

"ఇప్పుడాయన ఎక్కడున్నారు?"

"కాఫీ తేవడానికి వెళ్ళాడు" అని నవ్వాడు.

రెండు కప్పులతో వచ్చిన ఆ స్నేహితుడు సంగతి విని, అవి నాకూ, అప్పుడే నిద్రలేచిన కాత్రిన్‌కూ ఇచ్చి, మరో రెంటికి వెనక్కి వెళ్ళాడు.

ఒంటిగంటన్నరకు మ్యూనిక్. అక్కణ్ణుంచి లోకల్ రైల్లో అన్నయ్య కొత్తిల్లున్న శివారు, ఉంటర్‌ఫ్యోరింగ్. గుమ్మం నిండా చెప్పులు, లోపల నెయ్యి వాసన. భోజనాల దగ్గర ఒకావిడ అన్నయ్యను అడిగింది: "ఈమె మీ చెల్లెలి ఫ్రెండా అండీ?"

అన్నయ్య కాత్రిన్ విస్తరిలో ఇంకో బూరె వేశాడు.

"ఫ్రెండ్ కాదు. వీళ్ళిద్దరు పెళ్ళి చేసుకుంటున్నరు. బావా అందామంటే ఆడపిల్లాయె, వేరే వరస నాకు తెల్వది."

ఆవిడ అంది: "వరస తర్వాత చూద్దాం లెండి. ముందు పెళ్ళికి టెర్మిన్ దొరికిందా?"

జర్మన్ ఆఫీసుల్లో టెర్మిన్ అనే అపాయింట్‌మెంటు కోసం పడిగాపులు పడనివారు ఆ గదిలో లేరు. ఇల్లంతా గొల్లున నవ్వింది. చీర ఎవరు కడతారని అన్నయ్య కూతురు జర్మన్‌లో అడిగితే, కాత్రిన్ టక్కున చెయ్యెత్తింది. నేను ఏడ్చాను, నవ్వుతూనే.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. కిటికీ సీటుకు ఎప్పుడూ కొట్లాడుకునే మేం ఆ రోజు బయటికి చూడనేలేదు. పెళ్ళికి ఎవరెవరిని పిలవాలా అని వాదించుకుంటుండగానే హాంబర్గ్ వచ్చేసింది. ఈ దారిలో ఎన్నోసార్లు తిరిగాను. ఈ దేశం ఇంత చిన్నదని నాకెప్పుడూ అనిపించలేదు.