స్కర్టు అంచున ముదురు గీత

రెండేళ్ల ఫోను క్లాసుల తర్వాత మా పాప బడి ఇవాళ తెరిచారు. ఫోనులో చొక్కా ఒక్కటే కనిపించేది కాబట్టి స్కర్టు సంగతి నాకు తట్టలేదు. నిన్న సాయంత్రం వేసి చూస్తే మోకాళ్ల పైకి వచ్చింది.

"నాన్నా, ఛోటీ హో గయీ! మేడమ్ తిడతారు."

ఇక్కడ ద్వారకలో మేం యూనిఫారం కొనే కొట్టులో ఆ సైజు అయిపోయిందట. స్కర్టు తిరగేస్తే లోపల రెండు మడతలున్నాయి. పాప ఒకటో తరగతిలో చేరినప్పుడు వాటిని మా ఆవిడ చేత్తో కుట్టింది. కిందటేడు తను పోయింది. ఆ కుట్లు విప్పడానికి నాకు చేతులు రాలేదు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవులు అయిపోగానే గడపలో కూర్చుని, నాన్న గడ్డం గీసుకుని పడేసిన బ్లేడుతో నా నిక్కరు మడత విప్పేది. వెలిసిన ఖాకీ కింద కొత్త ఖాకీ గీత బయటపడేది. మీకూ ఉండేది కదా ఆ గీత? నా పక్క బెంచీవాడు దానిమీద వేలు పెట్టి, "ఒరేయ్, పోయినేడు నువ్వు ఇక్కడిదాకానేరా!" అనేవాడు. వాడి నిక్కరుకైతే రెండు గీతలు.

నేనూ బ్లేడు తీసుకున్నాను. ఒక మడత విప్పి ఇస్త్రీ చేస్తే అంచున ముదురు నీలం గీత తేలింది. పొద్దున పాప అది చూసి, "యే లైన్ క్యా హై?" అంది.

"అమ్మ కుట్టినప్పుడు నువ్వు అక్కడిదాకా ఉండేదానివి."

"అచ్ఛా! అంత పొట్టిదాన్నా?" అని నవ్వుకుంటూ బడి గేటులోకి పరుగెత్తింది.

తను కుట్టిన మడత ఇంకొకటి ఉంది. అది వచ్చే ఏడాదికి.