పెద్దది చేసి చెప్పే అలవాటు

నా గుండె మీద ఏళ్ల తరబడి ఒక బరువు ఉంది. మామూలుగా అయితే దాన్ని కడప బండలు మోసే లారీతో పోల్చి, ఆ లారీకి ముప్పై రెండు టైర్లు తగిలించి, ఘాట్ రోడ్డు ఎక్కించి, మిమ్మల్ని కడుపుబ్బ నవ్వించి దింపేవాణ్ని. ఈ ఒక్కసారికి మానుకుంటాను. నిజానికి ఆ బరువు చిన్నదే. ఒక వాక్యం. ఒక ఆఫీసరు ముందు కుర్చీలో కూర్చుని, ఆయన తెప్పించిన కాఫీ తాగుతూ నేను అన్న ఒక వాక్యం.

నా పేరు చెప్పను. మైదుకూరులో ఎరువులూ విత్తనాలూ అమ్మే దుకాణం మాది. దుకాణం కంటే నా నోటికి పేరెక్కువ. పెళ్లిళ్లలో, రిటైర్మెంటు సన్మానాల్లో మైకు నా చేతికిస్తారు. పెళ్లికొడుకు మేనమామ సన్నగా ఉంటే, గాలి లేచినప్పుడల్లా ఆయన్ను కుర్చీకి కట్టేస్తారంటాను. పక్కింటి కోడి ఒక గుడ్డు పెడితే నా నోట్లో పడేసరికి గంపెడవుతాయి. టీ అంగడి దాటేసరికి ఆ కోడికి కువైట్ సంబంధం కుదురుతుంది. మా ఆయన చెప్పిందాంట్లో ముక్కాలు భాగం తీసేసి వినండప్పా అని నా భార్యే దుకాణానికి వచ్చిన రైతులకు చెబుతుంది. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాణ్ని. నిజమే. నేను పెంచి చెప్పిన మాటల వల్ల ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు. తగ్గించి చెప్పింది మాత్రం ఒక్కసారే.

జుబేదక్క సంగతి చెప్పాలి. పేరు మార్చాను. ఆమె కడపలో లాయరు. ఒక చిన్న హక్కుల సంఘంలో ఉండేది. సంఘమంటే పెద్ద ఆఫీసూ బోర్డూ ఊహించుకోకండి. నలుగురు మనుషులు, గోడకు ఆనించిన ఒక బ్యానరు, కాలు విరిగిన బెంచీ. స్టేషన్లో ఎవరినైనా కొట్టారని తెలిస్తే, ఎవరి భూమినైనా లాక్కున్నారని తెలిస్తే, ఆమె బస్సెక్కి ఆ ఊరికి పోయేది. మనుషుల్ని కూర్చోబెట్టి, ఏం చూశారని అడిగేది. అంతే ఆమె పని. ఇందులో ప్రమాదం ఏముందని మీకు అనిపించవచ్చు. మా వైపు మనిషి ఎంతటివాడన్నది అతని వెనక వచ్చే బండ్లను బట్టి లెక్కేస్తారు. వెనక ఒక్క బండీ లేకుండా, భుజానికి గుడ్డ సంచీ తగిలించుకుని, పెద్దమనుషుల మీద ప్రశ్నలు అడగడానికి వచ్చిన ఆడమనిషిని చూసి మొదట నవ్వుతారు. తర్వాత భయపడతారు. భయపడ్డాక ఏం చేస్తారో ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ వచ్చేది.

మైదుకూరుకు కాస్త లోపల ఒక ఊరు ఉంది. ఆ ఊరి పెద్దాయన తోటలో బోరు మోటార్ల వైర్లు పోయాయి. రాగి కోసం కోసుకుపోయే దొంగలు మా వైపు ఎక్కువ. అనుమానం ఒక గొర్రెల కాపరి మీద పడింది. పోలీసులు తీసుకుపోయారు. శవమై తిరిగొచ్చాడు. పైనుంచి పడి చచ్చిపోయాడన్నారు. ఆ స్టేషనుకు మేడ లేదు. ఈ మాట నేను పెంచి చెప్పడం లేదు, చూసిరావచ్చు.

అతని భార్య లింగమ్మ. పక్కన ఎవరైనా కూర్చుంటే కోర్టులో చెబుతానంది. ఆ ఊళ్లో అందరూ నా దగ్గరే విత్తనాలు కొంటారు కాబట్టి, తోడొస్తే తలుపులు తెరుచుకుంటాయని జుబేదక్క నన్ను అడిగింది. పోయాను. న్యాయం కోసం పోయానా? కాదు. టీ అంగడిలో ఒక నెలకు సరిపడా కబురు దొరుకుతుందని పోయాను. లింగమ్మ చెప్పినంతసేపూ నేను మనసులో దానికి రంగులు వేసుకుంటున్నాను. ఆమె ఏడవలేదు, నేనైతే ఏడిపించి చెప్పేవాణ్ని అనుకోవడం కూడా గుర్తుంది.

తిరిగి వస్తుంటే కాలువ గట్టు మీద మా ఆటోకు అడ్డంగా జీపు పెట్టారు. దిగినవాళ్లలో ఓబులేసు నాకు తెలిసినవాడే. పెద్దాయన మనిషి. ముందు ఆటో తాళంచెవి లాక్కుని జేబులో వేసుకున్నాడు. తర్వాత జుబేదక్క వైపు వచ్చి వంగి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

“ఏంటికక్కా ఈ ఎండలో తిరుగుతాండావు? మీ పాప కాలేజీకి పోతాండాది గదా. ఏడు రోడ్ల కూడలి కాడ బస్సెక్కుతాది, పచ్చ సంచీ. ఆ పాపను సూసుకుంటా ఇంటికాడ ఉండరాదా?”

అంటూనే ఆమె ముఖం మీది కళ్లద్దాలు తీశాడు. తొందరేమీ లేదు. తన తువ్వాలుతో తుడిచాడు, ఎండకు ఎత్తి చూశాడు, మళ్లీ తనే ఆమెకు పెట్టాడు. ఇంకొకడు అంతసేపూ వేటకొడవలి వెనక వైపుతో ఆటో కమ్మీ మీద టక్ టక్ మని కొడుతూనే ఉన్నాడు. ఓబులేసు నా వైపు తిరిగాడు. “ఏమన్నా, ఊరంతా నవ్విస్తావు, ఈడ ఉలకవు పలకవు?”

నేను నవ్వాను. అవును, నవ్వాను. ఇకిలించాను అనాలి.

వాళ్లు పోతూ తాళంచెవి మట్టిలోకి విసిరేస్తే, ఆమే దిగి వెతికి తెచ్చింది. మరునాడే పోలీసు రక్షణ కావాలని అర్జీ పెట్టుకుంది. తన కోసం కాదు, పాప కోసమంది. అర్జీ మీద విచారణ అన్నారు. ఆటో అతను అప్పటికే కువైట్ పోయాడు. ఎవరు పంపారో అడగకండి. మిగిలిన సాక్షిని నేనొక్కణ్నే. ఆమె దుకాణానికి వచ్చి, ఎరువు బస్తా మీద కూర్చుని, నాకు పాఠం చెప్పింది. నీ కత నాకు తెలుసప్పా, ఈ ఒక్కతూరికి ఉప్పూ కారం చల్లొద్దు, కొడవలి ఒకటంటే ఒకటే, రెండని చెప్పినావంటే ఉన్న ఒకటి కూడా అబద్ధమంటారు అంది. సరేనన్నాను. నిజంగానే అన్నాను. అప్పటికి నా మనసులో వేరే ఏమీ లేదు.

తర్వాత ఓబులేసు దుకాణానికి వచ్చాడు. కొట్టడానికి వచ్చాడనుకుని తక్కెడ వెనక్కి జరిగాను. చేతిలో పసుపు కుంకుమ పెట్టిన పెళ్లిపత్రిక. పెద్దాయన కూతురి పెళ్లి, కడపలో పెద్ద కల్యాణమండపం. మైకు నీదేనన్నా, పెద్దాయన నిన్నే అడగమన్నాడు అన్నాడు. విచారణ గురించి ఒక్క మాట లేదు. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

భయపడి అలా చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. భయం లేదని కాదు. దుకాణం అద్దాలు పగిలినట్టు, నా కొడుకు స్కూటరు పడిపోయినట్టు కళ్ల ముందు కనిపించేది. కానీ ఒట్టి భయమే అయితే నేను కొత్త పట్టుచొక్కా ఎందుకు కుట్టించుకున్నట్టు? ఎమ్మెల్యేలు వచ్చే పెళ్లిలో ఏ జోకు ముందు, ఏ జోకు వెనక అని దుకాణంలో కూర్చుని ఎందుకు వరస పెట్టుకున్నట్టు? చిన్నాచితకా పెళ్లిళ్లలో గొంతు చించుకున్న మనిషిని. పెద్దింటి మైకు కోసం లోపల ఎంత ఆకలి పెట్టుకున్నానో ఆ పత్రిక చేతికొచ్చేదాకా నాకే తెలియదు.

విచారణకు వచ్చిన ఆఫీసరుది కోస్తా వైపు. నెమ్మదస్తుడు. కాఫీ తెప్పించాడు. పక్కన ఒక కానిస్టేబులు రాసుకుంటున్నాడు.

“ఆటో ఆపారటగా?”

“ఆపినారు సార్. తెలిసినోడే. పలకరించినాడు.”

“ఏమన్నాడు?”

“ఎండలో తిరగొద్దక్కా, ఇంటికాడ ఉండు అన్నాడు సార్.”

“బెదిరించినట్టు లేదా?”

“మా కడపోళ్ల మాటే గట్టిగా ఉంటాది సార్. అంతే.”

“కొడవలి ఉందని రాశారావిడ.”

“పల్లెలో కొడవలి లేని మనిషి యాడుంటాడు సార్? గడ్డికి పోతాండారేమో.”

ఆయన నవ్వాడు. నా జోకు పేలింది. ఆ నవ్వు వినగానే నాకు ఎప్పటి మత్తే ఎక్కింది. ఎదుటివాడు నవ్వితే ఇంకొకటి వేయకుండా ఉండలేను. ఆయన కలం మూత పెడుతూ, మరి లాయరుగారు ఇంత ఎందుకు రాశారు అన్నాడు. అప్పుడు అన్నాను.

“ఆమెకు పెద్దది చేసి చెప్పే అలవాటు సార్.”

అదీ ఆ వాక్యం. నా రోగాన్ని తీసి ఆమెకు అంటించాను. ఒక్క మాట ఎక్కువ పలకని మనిషికి. కళ్లద్దాల సంగతి చెప్పలేదు. తాళంచెవి చెప్పలేదు. పాప బస్సెక్కే చోటు, పచ్చ సంచీ చెప్పలేదు. కానిస్టేబులు మొత్తం చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. కాఫీ బాగుందని కూడా అన్నాను.

ప్రాణభయం లేదని అర్జీ కొట్టేశారు. ఆమె నా వాంగ్మూలం నకలు తీసుకుని దుకాణానికి వచ్చింది. నిలబడే చదివింది. ఇట్లా చెప్పినావా అప్పా అని అడిగింది. కోపంగా కాదు, అర్థం కానట్టు. నేను చెప్పింది ఒకటి, వాళ్లు రాసుకునింది ఒకటక్కా అన్నాను. వెంటనే నమ్మింది. నమ్మకేం చేస్తుంది, సాక్షి ఒకటి చెబితే ఇంకొకటి రాసిన కాగితాలు ఆమె ఎన్ని చూసిందో. పైగా నన్నే ఓదార్చింది. నిన్ను ఇందులోకి లాగను, భయపడొద్దు అంది. పోయి పైవాళ్లకు ఫిర్యాదు పెట్టింది, నా పేరు బయటికి రాకుండా. కడపలో విలేకరుల ముందు కూర్చుని, సాక్షి మాటను మార్చి రాశారని చెప్పింది. ఆమె జీవితంలో విచారించుకోకుండా అన్న మాట బహుశా అదొక్కటే. నన్ను నమ్మి అన్నది. పోలీసులు నా సంతకం చూపించారు. తప్పుడు ఆరోపణ చేసిందని ఆమె మీదే కేసు పెట్టారు. నా వాక్యం నోటి నుంచి నోటికి పాకింది. కోర్టులో అవతలి లాయర్లు ఆమె లేచి నిలబడగానే అదే మాట అని నవ్వేవాళ్లట. నేను తయారు చేసిన మాటల్లో అంత దూరం పోయింది ఇంకొకటి లేదు.

పెళ్లి బాగా జరిగింది. చప్పట్లు కొట్టి నన్ను మళ్లీ ఒకసారి మైకు దగ్గరికి పిలిచారు. శాలువా కప్పారు.

పెళ్లయిన కొన్నాళ్లకు, పట్టపగలు, కోర్టుకు పోయే రోడ్డు మీద జుబేదక్కను ఇనుప రాడ్లతో కొట్టారు. కుడి మోచెయ్యి పిండి అయింది. తుంటి విరిగింది. జనం చూస్తూ నిలబడ్డారు. కేసులో ఎవరి పేరూ నిలవలేదు.

ఇక్కడ నా బుర్ర ఒక వాదం చేస్తుంది. రక్షణ ఇచ్చినా ఎవరో ఒక కానిస్టేబులును ఇచ్చేవాళ్లు, వాడు సోడా తాగడానికి పోయినప్పుడు కొట్టేవాళ్లు అంటుంది. ఎన్నిసార్లు ఈ వాదం పెట్టుకున్నానో. అది నిజం కావచ్చు కూడా. కానీ కానిస్టేబులు సంగతి కాదు. ఆటోలో పక్కన కూర్చున్నవాడే లేచి నిలబడడని ఆ కాగితం వాళ్లకు చెప్పింది. ఆమె వెనక ఒక్క బండీ లేదని వాళ్లకు ముందే తెలుసు. ఒక్క మనిషి కూడా లేడని చెప్పినవాణ్ని నేను.

ఆసుపత్రికి పోయాను. బత్తాయిలు తీసుకుపోయాను. కట్ల మధ్య నుంచి నన్ను చూసి ఆమె మెల్లగా అడిగింది.

“నిన్నేమీ అన్లేదు గదప్పా వాళ్లు?”

లేదక్కా అన్నాను. జాగ్రత్త అంది.

లింగమ్మ కేసు వదిలేసుకుంది. పిల్లల్ని తీసుకుని ఎక్కడికో కూలికి పోయిందన్నారు. నేను వెతకలేదు. ఆమె చూసింది చూసినట్టు చెప్పడానికి పక్కన ఒక మనిషి కూర్చుంటే చాలన్నది. ఆ మనిషి అప్పుడు మంచం మీద ఉంది.

జుబేదక్క ఇప్పటికీ పని చేస్తోంది. చేతికర్రతో నడుస్తుంది. జూనియర్లకు చెప్పి రాయిస్తుంది, ఎడమ చేత్తో సంతకం పెడుతుంది. రంజాన్‌కు నాకు షీర్ ఖుర్మా పంపుతుంది. తింటాను. చెప్పాలని ఆమె ఇంటికి పోయాను, ఒకసారి కాదు. పోయి ఏం చేశాను? జోకులు చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వగానే నాకు చెప్పే అవసరం లేనట్టు అనిపించింది. బస్సెక్కి వచ్చేశాను. ఎదుటివాళ్లు నవ్వితే నాకు క్షమించినట్టే ఉంటుంది. ఈ సంగతి రాస్తుంటేనే తెలిసింది.

మీరు నవ్వకండి. క్షమించమని కూడా అడగను. అది మీ చేతిలో లేదు. ఇంత రాశాక గుండె మీది బరువు కాస్త వదిలింది, అబద్ధమెందుకు. ఆమెకు ఏమీ వదలలేదు, నాకు వదిలింది. దానికీ సిగ్గుగానే ఉంది. ఇది అచ్చయితే జూనియర్లు ఎవరో చదివి వినిపిస్తారు. పేరు మార్చినా రెండు వాక్యాలు వినేసరికి ఆమె గుర్తుపడుతుంది. వినిపించనీ.

అక్కా, ఆ కాగితంలో వాళ్లు ఏమీ మార్చలేదు. ఆ మాట నేనే అన్నాను.