మస్కట్‌ల నా వీడియోల పని

నేను మస్కట్‌ల ఏసీ మెకానిక్‌ను. నేను ఇక్కడికొచ్చిన కొత్తల, మా కంపెనీల కట్టెపని చేసే ఫిలిప్పీన్స్ ఆయన ఒకడు పని చాలించుకొని ఇంటికి పోతుండె. పోయేముందు సామానంత మాకు పంచిండు. మంచం ఒకరికి, కుక్కర్ ఒకరికి, కెమెరా నాకు. మంచం, కుక్కర్ ఊరికే ఇచ్చిండు గని కెమెరా సగం ధరకు అమ్మిండు. దాని మూల ఒకటి సొట్టపోయి ఉండె. ఏ బటన్ ఏం చేస్తదో చెప్పే పుస్తకం కూడ ఇచ్చిండు గని అది జపాన్ భాషల ఉండె.

మా ఊరు మెట్‌పల్లి దగ్గర. అంతకు ముందు నేను పట్టుకున్న కెమెరా సామాను ఏదన్న ఉంటే, పెండ్లిళ్ల ఫోటోలు తీసేటాయన చెయ్యి గుంజుతున్నది జర పట్టుకొమ్మని ఇచ్చిన లైటు ఒక్కటే. అయినా రూంల మిగతా ఐదుగురికి నాకు కెమెరా వస్తదా రాదా అన్నదానితోటి పని లేకుండె. కెమెరా ఉన్నోడే ఫోటోగ్రాఫర్. ఆ వారం నుంచి శుక్రవారం సెలవు నాకు సెలవు కాకుండ పోయింది.

పొద్దుగాల్నే అందరు ఇస్త్రీ అంగీలు తొడుక్కొని తయారయ్యేది. నల్ల కండ్లద్దాలు రూం మొత్తానికి ఒక్కటే జత. అవి వంతులు వంతులుగ ఆరు మొఖాలెక్కి ఆరు ఇండ్లకు పోయినయి. మస్కట్‌ల ఎటు చూసినా గుట్టలే. చూడ సక్కగుంటయి. కాని గుట్టల ముందట నిలబడుమంటే ఒక్కడు నిలబడలే. గుట్టలు మన దిక్కు లేవా, గుట్టలు చూసేతందుకు విమానం ఎక్కాల్నా అన్నరు. వాళ్లకు అద్దాల బిల్డింగు కావాలె, లేకుంటే కారు కావాలె. కారు ఎవ్వలదైనా సరే.

రూంల అందరికంటే పెద్దాయన నిర్మల్ దిక్కు అన్న. మా అందరికి వంట ఆయనదే. ఒక శుక్రవారం ఆయన రోడ్డు పక్కకు ఆపిన పెద్ద తెల్లకారుకు ఆనుకొని, కాలు మీద కాలేసి నిలబడ్డడు. నేను ఇంక బటన్ వత్తలే, కారు ఓనరొచ్చిండు. తెల్ల పొడుగంగి, తలమీద పూల కుట్టుపని టోపీ, మా బాపు వయసు మనిషి. అన్న చెయ్యి బానెట్ మీద అట్లనే అతుక్కపోయింది. హిందీల మాఫీ అడుగుడు మొదలుపెట్టిండు గని భయానికి సగం మరాఠీ వచ్చింది. ఆ పెద్దమనిషి నవ్వి, తాళం వత్తి, తలుపు తెరిచి, అన్నను తీస్కపోయి స్టీరింగ్ ముందట కూసోవెట్టిండు. కాలర్ కూడ తనే సర్దిండు. నేను ఫోటో తీసిన.

ఆ ఫోటోల అన్న మొఖం చూస్తే పోలీస్ స్టేషన్ బల్ల మీద కూసున్నట్టే ఉంటది. కాని ఇంటికాడ ఎవ్వలు మొఖం చూడలే, స్టీరింగే చూసిన్రు. వారం తిరగక ముందే వదిన ఫోన్ చేసి కారు ఎప్పుడు నేర్చుకున్నవని అడిగింది. అన్నకు మోటర్‌సైకిలే రాదు. కంపెనీ కారిచ్చిందని ఊరంత చెప్పుకున్నరు. కాదంటే వదినకు నామూషీ అయితదని ఆయన అవునన్నడు. అటెంక ఫోన్ చేసిన ప్రతిసారి చుట్టాలందరు కారు బాగోగులు అడుగుడు. సర్వీసింగుకు ఇచ్చిన అని కొన్నాళ్లు, దోస్తుకు ఇచ్చిన అని కొన్నాళ్లు ఎల్లదీసిండు. ఆఖరుకు యాష్టకొచ్చి అమ్మేసిన అన్నడు. గప్పుడు ఇంటిల్లిపాది ఆయన మీద లేచిన్రు. ఒక్కమాట అడగకుండ ఎట్ల అమ్మినవని పదిహేను రోజులు వదిన సరిగ మాట్లాడలే.

ఇది చూసి నాకు బుద్ధి రావాలె. రాలే. ఫోటోలు సాలక నేను వీడియోల మీద పడ్డ.

వీడియోకు మాట కావాలె. ఏం మాట మాట్లాడాల్నో ఫోన్ల చూసి నేర్చుకున్న. అందరు "హాయ్ అండీ, ఎలా ఉన్నారు" అనే మొదలుపెడుతున్నరు. మా దిక్కు మాటల వీడియో తీస్తే ఎవ్వలు చూస్తరని నాకు గట్టిగ అనిపించింది. అందుకని బాత్రూంల నిలబడి ప్రాక్టీస్ చేసిన. వచ్చాను, చూశాను, చాలా బాగుందండీ. బయట బకెట్లు పట్టుకొని లైన్ల నిలబడ్డోళ్లు లోపల ఎవ్వలున్నరని తలుపు కొట్టి అడిగిన్రు.

మొదటి వీడియో మత్రా దగ్గర సముద్రం ఒడ్డుకు తీసిన. పడవలు, పావురాలు, పాత బజారు, నడుమ నడుమ నేను. నా భార్య దాన్ని ఫోన్ల పెట్టి మా అవ్వకు చూపించింది. అవ్వ ఆఖరుదాంక చూసిందట. చూసినంక ఒక్కటే అడిగిందట.

"గీ పిలగాడు మంచిగనే మాట్లాడుతుండు గని, మనోని అంగి ఎందుకు తొడుక్కున్నడే?"

భార్య ఫోన్ల చెప్పుకుంట నవ్వింది. నేనూ నవ్విన. లోపల మాత్రం సంబురపడ్డ. కన్నతల్లే గుర్తుపట్టలేదంటే ఆ మాట నాకు పక్కాగ వచ్చినట్టే అనుకున్న.

మూడు నెలలల్ల నా ఛానల్‌ల అరవై మంది చేరిన్రు. ముప్పై మంది నాకు తెల్సినోళ్లు, ముప్పై మంది ఆ ముప్పై మందికి తెల్సినోళ్లు.

అందరు ఎక్కువ చూసింది హోటల్ వీడియో. సముద్రం ఒడ్డున పెద్ద హోటల్, ఏడో అంతస్తుల ఒక రూంల ఏసీ నుంచి నీళ్లు కారుతున్నయంటే మమ్ముల పంపిన్రు. నాకు జోడీగ పనిచేసే బంగ్లాదేశ్ ఆయన పైపు ముక్క తెచ్చేతందుకు కిందికి పోయిండు. టూల్ బ్యాగుల నా టీషర్ట్ ఉండె. డ్యూటీ డ్రెస్సు మీదికెల్లి అది తొడుక్కొని, కిటికీ పక్కన కుర్చీల కూసొని, వెనుక సముద్రం కనవడేటట్టు కెమెరా పెట్టి "ఈ రోజు మనం ఒక ఫైవ్ స్టార్ హోటల్‌లో ఉన్నామండీ" అన్న. అండ్ల అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ టైంల నేను అండ్లనే ఉన్న. తర్వాత చూసుకుంటే అద్దంల మా నిచ్చెన, బకెట్ కనవడుతున్నయి. వాటి మీద పెద్ద ఎర్రగులాబీ బొమ్మ అతికిచ్చిన. లైఫ్ అంటే నీదే అన్నా అని కోరుట్ల నుంచి ఎవ్వరో రాసిన్రు. రూం కిరాయి ఎంత అని ఇంకొకరు అడిగిన్రు. మొదటాయనకు జవాబు ఇచ్చిన.

రెండేండ్లు నిండినంక సెలవు దొరికింది. ఇంటికాడ వారం రోజులుండి, భార్యను తీసుకొని శ్రీరాంపూర్‌ల అత్తగారింటికి పోయిన. మా మామ భూమిలోపలి బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు పైనే చేసి రిటైరైనోడు. కాలనీ పక్కకే చిన్న ఇల్లు కట్టుకున్నడు. ఆ రోజు అల్లుడొచ్చిండని కూర వండిన్రు. మామతోటి పనిచేసిన ఇద్దరు దోస్తులొచ్చిన్రు. సుల్తానాబాద్ నుంచి నా భార్యకు చిన్నాయన కొడుకు, నాకు బామ్మర్ది, ఆయన కూడ వచ్చిండు. రైస్‌మిల్లుల చేస్తడు, ఇద్దరు పిల్లలు. మస్కట్ వద్దామని కొత్తగ పాస్‌పోర్టు తీసుకున్నడు.

తిన్నంక నేను ఫోన్‌ను టీవీకి కలిపి వీడియోలు పెట్టిన. పెట్టుమని ఎవ్వలు అడగలే. బామ్మర్ది టీవీకి జానెడు దూరంల కూసున్నడు. హోటల్ వీడియో రెండుసార్లు పెట్టిచ్చుకున్నడు. పరుపు మెత్తగుంటదా బావా అని అడిగిండు. మెత్తగుంటది అన్న. చేత్తోటి వత్తి చూసిన గదా.

మామ మాత్రం గోడకు ఆనుకొని, యూనియన్ మీటింగుల పొడుగు ఉపన్యాసం విన్నట్టు అన్ని వీడియోలు ఓపికగ చూసిండు. దోస్తులు సముద్రం చూసి శబాష్ అన్నరు. అత్తమ్మ ఆ బజారుల బంగారం ధర అడిగింది. అంత అయినంక మామ అన్నడు.

"ఇవన్ని మంచిగున్నయి అల్లుడా. మరి నువ్వు పనిచేసేటిది ఏది?"

పనికాడివి ఎవ్వలు చూస్తరు మామా అన్న నేను.

"నేను చూస్త," అన్నడు. "బాయిలకు కెమెరా తీస్కపోనియ్యరు. గీ నీ అత్తమ్మ ముప్పై ఏండ్లు నాకు సద్ది కట్టింది. నేను ఆ సద్ది లోపల ఏడ కూసొని తిన్ననో ఆమెకు ఇయ్యాల్టికి తెల్వది. నోటితోటి ఎంత చెప్పినా గది రాదు. నీ చేతుల కెమెరా ఉండె గదా."

ఆయన దగ్గరున్న ఫోటో ఒక్కటే. రిటైరైన నాడు శాలువ కప్పి, దండ వేసి, ఆఫీసు మెట్ల మీద తీసింది. అది మాకు ఎదురుంగనే గోడకున్నది. ఆ ఫోటోల మామ బొగ్గుబాయి మనిషి తీరు కనవడడు, పెండ్లి పెద్ద తీరు కనవడుతడు. టీవీల నేను ఇంక చెయ్యి ఊపుతనే ఉన్న. లేచి బంద్ చేసిన.

మస్కట్‌కు తిరిగొచ్చినంక మామ కోసమే ఒక వీడియో తీద్దామనుకున్న. అనుకున్నంత అల్కగ కాలే. ఎండకాలం మొదలైంది. ఒక బిల్డింగు మిద్దె మీద నలభై ఏసీ డబ్బలు వరుసగ ఉన్నయి, వాటిని కడగాలె. టూల్ బాక్స్ మీద కెమెరా పెట్టి నిలబడ్డ. నోరు తెరిస్తే అలవాటుల "హాయ్ అండీ" అనే వచ్చింది. నా జోడీ ఆయన చుట్టూర చూసి, ఇక్కడ మనిద్దరమే ఉన్నం, ఎవ్వలకు సలాం కొడుతున్నవని హిందీల అడిగిండు. అది తుడిచేసి మళ్ల మొదలుపెట్టిన. మామా, ఇది మా పని అన్న. రెండేండ్లు కెమెరా ముందట సముద్రాల గురించి గంటలు గంటలు మాట్లాడినోణ్ని, నా మాటల నా పని చెప్పేటాళ్లకు ఆ ఒక్క ముక్కతోటే అయిపోయింది. చెప్పుడు ఆపి పని చేసుకుంట పోయిన. బోల్టులిప్పే పాన పట్టుకుంటే చెయ్యి కాలుతది, గుడ్డ చుట్టి పట్టుకున్న. మూత తీసి గాలి కొడితే దుమ్ము లేచి ఇద్దరం కనవడకుండ పోయినం. ఒక డబ్బల పావురం గుడ్లు పెట్టింది, దాన్ని వదిలేసి పక్కదానికి పోయినం. నిచ్చెనెక్కిన, దిగిన. మొత్తం పన్నెండు నిమిషాలు.

దిగంగనే వాచ్‌మన్ పట్టుకున్నడు. మిద్దె మీదికెల్లి చుట్టుపక్కల ఇండ్లు కనవడుతయి, ఆడోళ్లుంటరు, ఇక్కడ కెమెరా తియ్యొద్దని తెల్వదా అన్నడు. ఆయన అన్నది నిజమే. ఫోర్‌మెన్ దగ్గరికి తీస్కపోయిండు. ఆయన కేరళ మనిషి, మాట తక్కువ. వీడియో పెట్టుమన్నడు. నన్ను నిలబెట్టి పన్నెండు నిమిషాలు కదలకుండ చూసిండు. పక్కిండ్లు ఎక్కడ కనవడలే. కాని నిచ్చెన మీద నా నడుముకు బెల్టు లేదు. అది కనవడ్డది. వార్నింగ్ లెటర్ రాసి సంతకం పెట్టిచ్చుకున్నడు. ఇంటోళ్లకు పంపుకో, నెట్ల మాత్రం పెట్టకు అన్నడు.

రెండేండ్లు గులాబీలు అతికిచ్చి వీడియోలు తీస్తే నన్ను ఎవ్వలు ఏమనలే. ఉన్నదున్నట్టు ఒక్కటి తీస్తే కాయితం చేతికొచ్చింది.

మామకు పంపిన. తెల్లారి నేను పనికి ఎల్లకముందే ఫోన్ చేసిండు. మెచ్చుకుంటడేమో అనుకున్న.

"బెల్టేది?" అన్నడు.

లెటర్ ఇచ్చిన్రు మామా అన్న. ఆయన శానా ఖుషీ అయిండు. ఆ ఫోర్‌మెన్ మంచోడు, పడ్డంక రాసుడు కాదు, పడకముందే రాసిండు అన్నడు. అటెంక నిచ్చెన ఎంత వాలుగ పెట్టాల్నో నాకు పావుగంట చెప్పిండు.

ఇంటోళ్లకు మాత్రమే అని నేను మామకు చెప్పిన. కాని మామ లెక్కల ఇంటోళ్లంటే శ్రీరాంపూర్ నుంచి మెట్‌పల్లి దాంక ఉన్న చుట్టమంత. అందరి ఫోన్లకు పంపిండు. నా భార్య ఆ వారం ఒక పెండ్లికి పోతే, ముందట కుర్చీ వేసి కూసోవెట్టేటోళ్లు ఈసారి నువ్వు కూడ వచ్చినవా అని పలకరించిన్రట. కోపంతోటి రెండు రోజులు నా ఫోన్ ఎత్తలే. మూడోనాడు ఎత్తి, అంత ఎండల నెత్తికి తువ్వాల ఎందుకు చుట్టుకోలేదని తిట్టింది. వీసా చూడు, వీసా చూడు అని వారానికొకసారి పానం తినేటోళ్లు నలుగురు, ఆ వీడియో చూసినంక మళ్ల ఫోన్ చెయ్యలే.

బామ్మర్ది ఒక్కడు చేసిండు. హోటల్ వీడియోను రెండుసార్లు చూసినాయన, దీన్ని ఆపుకుంట ఆపుకుంట ఎన్నిసార్లు చూసిండో. నడి మధ్యాహ్నం పని ఆపుతరా అన్నడు. ఎండకాలం ఆపుతరు అన్న. ఆ గాలి కొట్టే మిషన్ ఎంతకొస్తది, గ్యాస్ చూసే మీటర్ ఎట్ల పెట్టాలె, ఈ పని నేర్చుకునేతందుకు ఎన్ని నెలలు పడ్తది అని అడిగిండు. రైస్‌మిల్లుల కంటే దుమ్ము తక్కువే ఉన్నది బావా అన్నడు. నేను వస్తడనే అనుకున్న. రాలే. కరీంనగర్‌ల ఒక ఏసీ దుకాణంల చేరి ఎనిమిది నెలలు పని నేర్చుకొని, సుల్తానాబాద్‌ల సొంతంగ మొదలుపెట్టిండు. ఇప్పుడు ఎండకాలమొస్తే ఫోన్ ఎత్తేతందుకు కూడ పుర్సత్ లేదు. పాస్‌పోర్టు బీరువల కొత్తగనే ఉన్నదట. చుట్టాలల్ల సగం మంది ఆయన గల్ఫ్ బతుకు నేను ఖరాబ్ చేసిన అంటరు. ఆ సగం మందే ఇంట్ల ఏసీ బందైతే ఆయననే పిలుస్తరు.

నేను కొత్త వీడియోలు పెట్టుడు ఆపిన. హోటల్ వీడియో మాత్రం తీసెయ్యలే. తీసెయ్యాలని నాలుగుసార్లు అనుకున్న గని, మనసొప్పలే. ఇప్పటికి ఎవ్వరో ఒకరు రూం కిరాయి అడుగుతనే ఉంటరు.

మామకు మాత్రం నెలకొకటి పంపాలె. పంపకుంటే ఆయనే అడుగుతడు. పోయిన నెల ఏసీ డబ్బ లోపలి మోటరు మొత్తం విప్పి, ఒక్కొక్క ముక్క కెమెరాకు చూపించి, మళ్ల బిగించిన. పని మీద కెమెరా పెట్టేతందుకు ఫోర్‌మెన్‌ను అడిగి, బెల్టు కట్టుకొనే తీసిన. పంపి రెండు రోజులైనా ఫోన్ రాకపోతే నేనే చేసిన. అత్తమ్మ ఎత్తింది. మీ మామ మూడు నిమిషాలు చూసి కూసున్నకాడే నిద్రపోయిండు బిడ్డా, నేను సీరియల్ పెట్టుకుందామని రిమోట్ పడితే మాత్రం కండ్లు తెరవకుండనే, ఉండనియ్యి, చూస్తున్న అన్నడు అని చెప్పింది.