అద్దెకిచ్చిన ఇంటి తోట

ముప్పై రెండేళ్లు గడపగడపకూ తిరిగి కరెంటు మీటర్లు చూశాడు కాబట్టి అందరూ ఆయన్ని మీటరాయన అనేవారు. ఉద్యోగం ముగిసేసరికి ఆయనకు మిగిలినవి మోకాళ్ల నొప్పి, ముందు చిన్న తోట ఉన్న ఓ ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. ఒంటి ప్రాణానికి అంత ఇల్లెందుకని దాన్ని అద్దెకిచ్చి, రెండు వీధుల అవతల లాండ్రీ షాపు మీద ఒంటిగదిలో ఉండేవాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు అద్దెకిచ్చి చూడమని మాత్రం చెప్పలేదు. తోట పని ఇంటి యజమానిదేనని అద్దె కాగితంలో రాసుకున్నారు. నెలకు రెండుసార్లు రావడానికి తోటమాలి అద్దెలో ఆరో వంతు అడిగాడు. చెత్త బండికి మళ్లీ వేరే. మీటరాయనకు అది దండగనిపించింది. గడ్డి కోసే కత్తెర కొనుక్కుని తానే దిగాడు.

అద్దెకున్నది ఒక నర్సు, బస్సు నడిపే ఆమె భర్త. ఆదివారం ఎనిమిదింటికల్లా మీటరాయన గేటు తీసేవాడు. మొదట్లో ఆమె టీ ఇచ్చేది. గంటలో అయ్యే పనికి మూడు గంటలు పట్టేది. కోసిన గడ్డినే మళ్లీ కోసేవాడు.

మూడో ఏడు ఓ ఆదివారం, ఆయన కంచె మొక్కలు కత్తిరిస్తుంటే ఆమె బయటికొచ్చింది.

"బాబాయ్‌గారూ, ఒక్క మాట. ఏమీ అనుకోకూడదు."

"చెప్పమ్మా."

"వారమంతా నాకు ఆసుపత్రి, ఆయనకి బస్సు. ఇద్దరం ఇంట్లో ఉండేది ఇవాళొక్కరోజే. కిటికీ తెరిస్తే మీరు కనబడతారు. మీరు మంచివారే... కానీ మా ఇంట్లో మేమే చుట్టాల్లా ఉండాల్సొస్తోంది."

"అయ్యో, నిజమేనమ్మా! నాకు తట్టనే లేదు సుమా," అని నవ్వాడు.

కంచె ఒకవైపు కత్తిరించి, రెండోవైపు వదిలేసి వచ్చేశాడు. గదిలో చేతులు కడుక్కోకుండా చాలాసేపు కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆమె కర్టెను వెనక నిలబడి తనెప్పుడు పోతాడా అని చూసిందేమో. బాధ కన్నా సిగ్గే ఎక్కువగా వేసింది.

మిగతా కంచె కోసం తోటమాలిని పిలిచాడు. అతను తోటంతా చూసి, "గడ్డీ, కంచె మొక్కలూ పీకించి కంకర పరిపించండి. ఒకసారే ఖర్చు. ఆ తర్వాత నీళ్లక్కర్లేదు, నేనూ అక్కర్లేదు," అన్నాడు.

"నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావేమయ్యా?"

"పొట్ట సంగతి తర్వాతండీ. నడుము పోయింది నాకు."

కంకర పరిపించాడు. రెండేళ్లలో ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు. లెక్క ప్రకారం మంచి పనే. "శుభ్రంగా ఉంది బాబాయ్‌గారూ," అని నర్సు ఫోను చేసింది కూడా.

ఆదివారాలు మాత్రం గడిచేవి కావు. ఆరింటికే లేచి బూట్లు వేసుకుని మంచం మీద కూర్చునేవాడు. కింద లాండ్రీకి సెలవు, ఇస్త్రీ పెట్టెల చప్పుడు కూడా ఉండదు. ఒకరోజు సాయంత్రం రొట్టె కొనబోతే గొంతు పెగల్లేదు. పొద్దుటి నుంచి తను ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు గుర్తించాడు.

మర్నాడు తోటమాలి ఇంటికి వెళ్లాడు.

"నడుము నొప్పన్నావుగా. ఆదివారాలు చెత్త నేనెత్తుతాను. డబ్బులొద్దు."

తోటమాలి ఎగాదిగా చూశాడు. "ఊరికే చేసేవాళ్లని నేను నమ్మనండి. సగం కూలి తీసుకుంటానంటే రండి."

అలా అరవై నాలుగో ఏట మీటరాయన కూలికి కుదిరాడు. పనికి వెళ్లేవన్నీ అద్దె ఇళ్లే. యజమానులు ఎక్కడో ఉంటారు, ఉండేవాళ్లు కిటికీలు వేసుకుంటారు. తోటమాలి పూటకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. మూడో ఇంట్లో ఒకావిడ తలుపు కాస్త తెరిచి ఎవరని అడిగితే, "తోట పనివాళ్లమండీ," అన్నాడు మీటరాయన. పని కాగానే అక్కణ్నుంచి కదిలాడు.

వాన పడితే పని ఉండేది కాదు. ఆ సంవత్సరం ఆదివారాల్లో చాలావరకు వానే పడింది.