కర్టెన్లమ్మ విప్పిన లెక్క

ఆ వీధిలో కర్టెన్లమ్మ ఎరగని కిటికీ లేదు. ఇరవై రెండేళ్ళుగా అదే మిషను, అదే కుర్చీ. గుమ్మంలో నిలబడి కిటికీ వంక ఒక్క చూపు చూసిందంటే ఎంత గుడ్డ పడుతుందో చెప్పేస్తుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు అమ్మాయిలు శిక్షణ కేంద్రంలో కుట్టు టీచర్లయ్యారు. నేర్పినావిడ మాత్రం మిషను దగ్గరే ఉండిపోయింది. ఎందుకంటే టీచరు కావాలంటే పదో తరగతి పాసవ్వాలి, ఈవిడేమో చిన్నప్పుడు లెక్కల్లో తప్పింది. నిరుడు పట్టుదలగా మళ్ళీ పరీక్ష రాసింది, మళ్ళీ లెక్కల్లోనే తప్పింది! ఇప్పుడు కేంద్రంలో ఇంకో ఖాళీ వచ్చింది. ఈసారి పాసైతే అది నీదేనని అక్కడి పెద్ద మేడమ్ మాటిచ్చింది.

పరీక్ష రెండు రోజుల్లోకి వచ్చింది. కాలేజీలో చదివే కూతురే గురువు. పాపం, ఆ పిల్లకి తల ప్రాణం తోకకొచ్చింది.

"మళ్ళీ చూడమ్మా. ఎక్స్‌ని రెట్టింపు చేసి ఆరు కలిపాం. అదీ ప్రమేయం. దీన్ని వెనక్కి తిప్పేదే విలోమ ప్రమేయం. చెప్పు, ఏం చేస్తావ్?"

"అదెంత! సగం చేసి ఆరు తీసేస్తా."

"పది వేసి చూడు. రెట్టింపు ఇరవై, ఆరు కలిపితే ఇరవై ఆరు. ఇప్పుడు నీ పద్ధతిలో వెనక్కి రా."

"సగం పదమూడు. ఆరు పోతే ఏడు."

"మన పది ఏదీ?"

"నన్నడుగుతావేంటే? మీ ఎక్స్‌నే అడుగు!"

పొద్దుటి నుంచి అది ఏడోసారి. కూతురు పుస్తకం మూసేసింది. కర్టెన్లమ్మ మూతి ముడుచుకుని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. వేలెడంత లేదు, నాకు చెప్పొచ్చింది అని గొణుక్కుంది కానీ, భయం మాత్రం వదల్లేదు. ఈసారీ తప్పితే ఇక ఆ కేంద్రం గుమ్మం తొక్కే మొహం ఉండదు.

మిషను పక్కన పొడవు ఎక్కువైందని తిరిగొచ్చిన కర్టెన్ ఒకటి ఉంది. కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి. తల్లి మొహం చూసి కూతురికి జాలేసింది. కాస్త సాయం చేద్దామని పక్కన చేరి, కుచ్చుల దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. గుడ్డ పర్రుమంది.

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముందు కుచ్చులు పెట్టి, ఆ మీద పట్టీ వేస్తాం. చివర్న వేసింది పట్టీ. అది విప్పకుండా కుచ్చులు లాగితే గుడ్డ చిరగదా? చివర కుట్టిందే ముందు విప్పాలి. పొత్తిళ్ళ నుంచీ ఈ మిషను కిందే పెరిగావ్, ఇంతమాత్రం తెలీదా?"

కూతురు దారం వదిలేసి తల్లి మొహంలోకి చూసింది.

"మరి చివర్న కలిపిన ఆరుని తీసెయ్యకుండా, ముందే సగం చేస్తావేంటమ్మా నువ్వు?"

కర్టెన్లమ్మ కుట్లు విప్పే బ్లేడు పక్కన పెట్టింది.

"అంటే... రెట్టింపు కుచ్చులు. ఆరు పట్టీ." వేళ్ళు మడిచింది. "ఇరవై ఆరులో పట్టీ విప్పితే ఇరవై. అందులో సగం... పది! వచ్చిందే నీ పది! ఇంత చిన్న ముక్క ఇన్నాళ్ళూ చెప్పవేం మరి?"

"చంపేస్తానమ్మా నిన్ను!" అంది కూతురు.

పరీక్షలో మూడింతలు చేసి ఏడు కలిపిన ప్రమేయం వచ్చింది. కర్టెన్లమ్మ ముందు ఏడు విప్పింది, తర్వాత మూడుతో భాగించింది. అంతటితో ఊరుకోక, ఒక అంకె వేసి మళ్ళీ కుట్టి చూసుకుంది. సరిగ్గా అతికింది.

ఫలితాలు వచ్చిన రోజు కూతురు ఫోన్ పట్టుకుని మిషను దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ముప్పై ఏడు! పాసయ్యావమ్మా!"

పాసు మార్కు ముప్పై ఐదు. కర్టెన్లమ్మ కుర్చీలో కూలబడి వేళ్ళు మడవడం మొదలెట్టింది.

"ఆ విలోమం లెక్కకి నాలుగు మార్కులు కదూ? ముప్పై ఏడులోంచి ఆ నాలుగూ తీసేస్తే..."

కూతురు ఆ వేళ్ళు గట్టిగా పట్టేసుకుంది.

"ఇదొక్కటీ విప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది!"